నిరీక్షణ అంటే కనిపెట్టుకుని ఉండడం: ఉత్తరాంధ్ర తీరంలో ఆగమన కాలం

శ్రీకాకుళం జిల్లా తీరంలో అక్టోబర్ వచ్చిందంటే జనానికి గుండెల్లో దడ. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతూ ఇచ్ఛాపురం, సోంపేట వైపు తోటలను ఊపేసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకి విజయనగరం జిల్లాను రోజుల తరబడి చీకట్లో ఉంచింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే ఆ తీరంలో తోటలకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతంలో లక్షల కొబ్బరి చెట్లు నేలమీద ఉన్నాయి. జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ పేరుకు కారణమైన పచ్చదనం ఒక్క రాత్రిలో పోయింది.

ఈ తుపానుల కాలం దాటిన కొన్ని వారాలకు క్రైస్తవ సంఘాల్లో ఆగమన కాలం మొదలవుతుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలమిది. మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబర్ 27కీ డిసెంబర్ 3కీ మధ్యలోనే పడుతుంది. కథోలిక, లూథరన్ సంఘాల్లో బలిపీఠం మీద వస్త్రం ఊదా రంగుకు మారుతుంది. సంఘ పంచాంగానికి కొత్త సంవత్సరం కూడా ఆ రోజుతోనే ఆరంభం.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం చదివే సువార్త భాగం ఏమిటో చూస్తే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. అందులో పశువుల తొట్టె ఉండదు, గొర్రెల కాపరులు ఉండరు, నక్షత్రం ఉండదు. లోకం అల్లకల్లోలమయ్యే రోజుల గురించి యేసు చెప్పిన మాటలు ఉంటాయి. మూడేళ్లకోసారి లూకా 21వ అధ్యాయం వంతు వస్తుంది. సముద్రం హోరుకీ తరంగాల ఘోషకీ జనం కలవరపడతారని, లోకం మీదికి ఏం రాబోతోందోనన్న భయంతో ధైర్యం చెడి కూలబడతారని అందులో ఉంది. వెంటనే, ఇవి జరగడం మొదలైనప్పుడు తలలెత్తుకోండి, మీ విడుదల దగ్గరపడుతోంది అని ఉంది.

ఈ మాట బారువలోనో భావనపాడులోనో చదివితే అది ఉపమానంలా వినిపించదు. సముద్రం హోరు అంటే ఏమిటో అక్కడి చెవులకు తెలుసు.

లోకం ఇంత కష్టంలో ఉంటే క్రిస్మస్ ఎలా జరుపుకోవాలి అన్న ప్రశ్న ప్రతి డిసెంబర్‌లో ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. యుద్ధాల వార్తలు, పంటనష్టం, పిల్లలకు ఉద్యోగాల్లేక ఇంట్లో టెన్షన్, ఆసుపత్రి ఖర్చులు. వీటి మధ్య పండగ పెట్టుకోవడం సబబేనా అని మనసు పీకుతుంది. ఆగమన కాలం పాఠాలను వరుసగా చదివితే ఈ ప్రశ్న తలకిందులుగా ఉందనిపిస్తుంది. బాగున్న లోకంలో జరుపుకోవడానికి ఏర్పాటైన కాలం కాదిది. చెడిపోయిన లోకం మధ్యలో నిలబడి, దాన్ని చెడిపోయిందని ఒప్పుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టే కాలం.

ఆశ వేరు, నిరీక్షణ వేరు

ఈ విషయంలో తెలుగు విశ్వాసులకు తమ భాషే ఒక మేలు చేసింది. ఆ మేలును పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ, అది పట్టించుకోవలసిందే.

మామూలు తెలుగులో ఆశ అన్న మాటకు మంచి పేరు తక్కువ. పేరాశ, దురాశ, అత్యాశ అని దాని చుట్టాలన్నీ అలాంటివే. ఆశ పెట్టడం అంటే చాలాసార్లు మోసం చేయడమే. బైబిల్‌ను తెలుగులోకి తెచ్చినవాళ్లు ముఖ్యమైన చోట్ల ఆశను పక్కన పెట్టి నిరీక్షణ అన్న మాటను తీసుకున్నారు. 'విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ' అన్న మూడు మాటలు తెలియని తెలుగు క్రైస్తవ ఇల్లు ఉండదు. ఆడపిల్లలకు నిరీక్షణ అని పేరు కూడా పెట్టుకుంటారు. కానీ బైబిల్ బయట, మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. బస్సు కోసం నిరీక్షించడం, ఫలితాల కోసం నిరీక్షించడం. మాట మూలంలోకి వెళ్తే చూపు సారించి చూడడం.

అంటే తెలుగు బైబిల్ చదివేవారికి ఆశాభావం, ఎదురుచూపు అని రెండు వేర్వేరు సంగతులు లేవు. రెండూ ఒకే మాటలో ఉన్నాయి. ఆగమన కాలం సారమంతా ఆ మాటలోనే ఉంది.

దీనికి తోడు ఇంకో మాట ఉంది: కనిపెట్టడం. రోమా పత్రిక 8వ అధ్యాయంలో, చూడని దాని కోసం నిరీక్షిస్తే 'ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము' అని ఉంటుంది. 130వ కీర్తనలో కావలివారు ఉదయం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అంటాడు కీర్తనకారుడు. సంఘాల్లో కనిపెట్టు ప్రార్థన అని ఒక ప్రార్థన పేరే ఉంది. ఊళ్లలో ఈ మాట వాడే తీరు చూడాలి. చేను కోతకొచ్చినప్పుడు పక్షుల్ని కనిపెట్టుకుని ఉండాలి. చంటిబిడ్డకు జ్వరమొస్తే రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. ఇందులో కళ్లు తెరిచి ఉండడం ఉంది, కాళ్లూ చేతులూ సిద్ధంగా ఉండడం ఉంది. చేతులు కట్టుకుని కూర్చున్నవాణ్ని కనిపెట్టుకుని ఉన్నాడని ఎవరూ అనరు.

డిసెంబర్ మధ్యలో నెలగంట పట్టగానే విజయనగరం పల్లెల్లో ఇళ్లు మారిపోవడం చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. హైదరాబాద్‌లో, చెన్నైలో కూలి పనులకు వెళ్లినవాళ్లు పెద్దపండక్కి వస్తారు. వస్తారన్న నమ్మకం ఉన్న ఇంట్లో గోడలకు సున్నం పడుతుంది, అరిసెలకు బియ్యం సిద్ధమవుతాయి. ఎవరూ రారనుకున్న ఇల్లు అలాగే ఉండిపోతుంది. గుమ్మం చూస్తే చాలు, ఆ ఇంటివాళ్లు ఎవరి కోసమో చూస్తున్నారో లేదో చెప్పేయొచ్చు.

క్రైస్తవ నిరీక్షణ కూడా ఒక మనిషి రాకతో ముడిపడినదే. రేపు పరిస్థితులు మెరుగవుతాయన్న అంచనాకు లెక్కలు కావాలి. వానలు, ధరలు, ఎన్నికలు, సరిహద్దుల్లో పరిస్థితి. లెక్కలు తప్పితే అంచనా కూలిపోతుంది. నిరీక్షణకు ఆధారం ఒక వ్యక్తి ఇచ్చిన మాట. ఆ వ్యక్తి ఒకసారి వచ్చాడు, మళ్లీ వస్తాడు అన్న రెండు నమ్మకాల మధ్య ఈ నాలుగు వారాలు ఉన్నాయి. అందుకే పాఠాలు మొదటి వారంలో రెండో రాకడతో మొదలై, చివరి వారానికి బెత్లెహేముకు చేరతాయి.

సెమీ క్రిస్మస్ మింగేసిన వారాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రొటెస్టెంట్ సంఘాల చరిత్ర ఎక్కువగా కెనడా బాప్టిస్టు మిషన్‌ది. బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి, సోంపేట వాళ్ల పాత కేంద్రాలు. బాప్టిస్టు సంప్రదాయంలో ఆగమన ఆదివారాలు, ఊదా వస్త్రాలు పెద్దగా లేవు. తరువాత వచ్చిన స్వతంత్ర సంఘాల్లోనూ లేవు. శ్రీకాకుళం మేత్రాసనం, అంటే ఒక కథోలిక బిషప్ కింద ఉండే ప్రాంతం, 1993లో విశాఖ నుంచి విడిపడి ఏర్పడింది. దాని కింద ఉన్న కథోలిక గుడుల్లో, సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్ సంఘాల్లో మాత్రం ఈ కాలాన్ని క్రమంగా పాటిస్తారు.

మిగతా చోట్ల డిసెంబర్ అంటే సెమీ క్రిస్మస్. మొదటి వారం నుంచే మొదలవుతుంది. బడిలో సెమీ క్రిస్మస్, ఆఫీసులో సెమీ క్రిస్మస్, వీధిలో, పార్టీ కార్యాలయంలో సెమీ క్రిస్మస్. కేకు కోయడం, అతిథులకు శాలువాలు, పిల్లల నాటిక, భోజనాలు. రాత్రిళ్లు యువకులు క్యారల్స్‌తో ఇల్లిల్లూ తిరుగుతారు. ఇందులో ప్రేమ ఉంది, పలకరింపు ఉంది. ఏడాదంతా ఎవరూ గడప తొక్కని ఇంటికి క్యారల్స్ పేరుతో పదిమంది వచ్చి పాడి వెళ్లడం చిన్న సంగతి కాదు.

అయినా ఒక నష్టం ఉంది, దాన్ని చెప్పక తప్పదు. డిసెంబర్ 5నే పుట్టాడు పుట్టాడు అని పాడేస్తే ఎదురుచూడడానికి ఏమీ మిగలదు. కష్టంలో ఉన్నవాళ్లకు ఈ నష్టం ఎక్కువ. ఆ ఏడాదే భర్తను పోగొట్టుకున్న మనిషిని నెలంతా సంతోషించమని కూర్చోబెడితే ఆమెకు చోటు దొరకదు. ఇంకా రాలేదు, ఇంకా చీకటిగానే ఉంది అని ఒప్పుకునే వారాలు ఉంటే ఆమె అందులో కూర్చోగలదు. పాత సంఘం ఈ నాలుగు వారాల్ని అలాంటి చోటుగానే కాపాడింది. మూడో ఆదివారాన్ని మాత్రం సంతోష ఆదివారం అంటారు, ఆదివారానికొకటి చొప్పున వెలిగించే నాలుగు కొవ్వొత్తుల్లో ఆ రోజు గులాబీ రంగు వత్తి వెలిగిస్తారు. మూడు ఊదా వత్తుల మధ్య ఒకే ఒక్క గులాబీ. ఆ కొలత ఎవరో బాగా ఆలోచించి పెట్టినట్టే ఉంటుంది.

ఈ వత్తుల కథ కూడా పేద పిల్లల దగ్గర మొదలైందే. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే పాస్టరు 1833లో దిక్కులేని పిల్లలకు ఒక ఆశ్రమం పెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడు, ఇంకా ఎన్ని రోజులు అని పిల్లలు రోజూ అడిగేవారట. 1839లో ఆయన ఒక బండి చక్రం తెచ్చి దాని మీద ఆదివారాలకు నాలుగు పెద్ద కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్నవి అమర్చాడు. రోజుకొకటి వెలిగించేవారు. పిల్లలు రోజులు లెక్కపెట్టడం నేర్చుకున్నారు, వెలుగు ఒక్కసారిగా కాకుండా ఒక్కో వత్తిగా పెరగడం కళ్లతో చూశారు. 1880లలో సాలూరు ప్రాంతానికి వచ్చిన లూథరన్ మిషనరీలు కూడా ఆ ఉత్తర జర్మనీ నుంచే, బ్రెక్లుం అనే ఊరి నుంచే వచ్చారు.

బండి చక్రం ఉత్తరాంధ్రలో ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. సెమీ క్రిస్మస్‌ను మానేయనక్కర్లేదు. సండే స్కూల్లో ఒక చక్రం, నాలుగు వత్తులు, వాటితో నాలుగు పాఠాలు చేరితే చాలు; డిసెంబర్‌కు పోయిన ఎదురుచూపు కొంత తిరిగొస్తుంది.

తలుపు బయటి నుంచి తెరుచుకోవాలి

2018 నవంబర్ చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లావాళ్లు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం పేరు అప్పుడు రాష్ట్రమంతా తెలిసింది. సొంత తీరంలో వేట గిట్టుబాటు కాక అంత దూరం వలస వెళ్లినవాళ్లు వాళ్లు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్నారు. ఇక్కడ కుటుంబాలు అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ అర్జీలతో తిరిగాయి. చివరకు 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటారు.

వాళ్లు పట్టుబడిన వారానికే, డిసెంబర్ 2న, ఆ ఏడాది ఆగమన కాలం మొదలైంది. విడుదలైన జనవరి 6 క్రైస్తవ పంచాంగంలో తూర్పు జ్ఞానులు శిశువును చూసిన పండగ. తేదీలు కలిశాయని దీన్ని అద్భుతం అననక్కర్లేదు, ఆ కుటుంబాల మతమేదన్నది కూడా ఇక్కడ ప్రశ్న కాదు. ఎదురుచూపు లోపల ఎలా ఉంటుందో ఈ సంఘటన చూపిస్తుంది. జైల్లో ఉన్న మనిషి ఎంత బలవంతుడైనా, ఎంత తెలివైనవాడైనా, తలుపు తన చేతిలో లేదు.

సరిగ్గా ఈ మాటే 1943 నవంబర్ 21న బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి ఒక ఖైదీ ఉత్తరంలో రాశాడు. ఆయన డీట్రిక్ బోన్‌హోఫర్, హిట్లర్‌ను ఎదిరించినందుకు లోపల ఉన్న లూథరన్ పాస్టరు. జైలు గది ఆగమన కాలంలాంటిదే అన్నాడాయన. మనిషి ఎదురుచూస్తాడు, నిరీక్షిస్తాడు, ఏవేవో చిన్న పనులు చేసుకుంటాడు. తలుపు మాత్రం మూసే ఉంటుంది, అది బయటి నుంచే తెరుచుకోగలదు. క్రైస్తవ నమ్మకం మొత్తం ఇదే. లోకం తన్ను తాను బాగుచేసుకోలేదు, విడుదల బయటి నుంచి రావాలి, వచ్చింది, వస్తుంది.

ఇక్కడ ఆగి నిజం ఒకటి చెప్పుకోవాలి. బోన్‌హోఫర్ తలుపు ఆయన కోరుకున్నట్టు తెరుచుకోలేదు. 1945 ఏప్రిల్ 9న ఆయన్ను ఉరితీశారు. అప్పటికి యుద్ధం ముగియడానికి నెల రోజులే ఉంది.

సంఘం ఈ నిజాన్ని దాచలేదు. సంతోష ఆదివారమని పేరు పెట్టుకున్న మూడో ఆదివారానికే మూడేళ్లకోసారి మత్తయి 11వ అధ్యాయం వస్తుంది. హేరోదు చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులను యేసు దగ్గరికి పంపి అడిగిస్తాడు: 'రాబోవువాడవు నీవేనా, మేము మరియొకనికొరకు కనిపెట్టవలెనా?' అదిగో, మళ్లీ కనిపెట్టడం. అడిగినవాడు అల్పవిశ్వాసి కాడు. యొర్దాను ఒడ్డున యేసును చూపించినవాడే. చీకటి గదిలో రోజులు గడిచేసరికి అతనికే సందేహం వచ్చింది. యేసు అతన్ని కోప్పడలేదు. గ్రుడ్డివారు చూపు పొందుతున్నారు, కుంటివారు నడుస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది, చూసినవి వెళ్లి యోహానుకు చెప్పండి అన్నాడు. చెర తలుపు తెరుస్తానని మాత్రం అనలేదు. యోహాను బయటికి రాలేదు, అక్కడే తల నరికించుకున్నాడు.

అయినా ఆ జవాబు యోహానుకు చేరింది. తన గది తలుపు మూసే ఉన్నా బయట పని మొదలైందని అతనికి తెలిసింది. క్రైస్తవ నిరీక్షణ ఎంతవరకు మాట ఇస్తుందో, ఎక్కడ ఇవ్వదో ఈ కథలో ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు. ప్రార్థించిన ప్రతి ఇంటికీ కోరింది దొరుకుతుందని వేదిక మీద నుంచి చెప్పే ప్రసంగం యోహాను ముందు నిలబడలేదు.

మొద్దు, మొవ్వు, దస్తావేజు

యెషయా 11వ అధ్యాయం ఆగమన కాలంలో తప్పక వినిపిస్తుంది. దావీదు తండ్రి యెష్షయి మొద్దు నుంచి చిగురు పుడుతుందని అందులో మాట. దావీదు వంశం నరికేసిన చెట్టులా అయిపోయినా అడుగు నుంచి చిగురు వస్తుందని ప్రవక్త భావం.

తిత్లీ తరువాత ఉద్దానంలో ఈ మాట మీద ప్రసంగించేవాళ్లకు ఒక చిక్కుంది. జీడి మొద్దు చిగురిస్తుంది, పనస మొద్దు చిగురిస్తుంది. కొబ్బరి చిగురించదు. కొబ్బరికి ప్రాణమంతా తలలో, మొవ్వులో ఉంటుంది. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మొదలు నుంచి మళ్లీ ఏమీ రాదు. ఉద్దానం రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. అతని ముందున్న దారి ఒక్కటే: కొత్త మొక్క నాటడం. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అరవై ఏళ్లు దాటిన మనిషి ఆ మొక్క నాటుతున్నాడంటే, బహుశా తాను తినని కాయ కోసం గొయ్యి తీస్తున్నాడన్నమాట.

బైబిల్లో ఈ రైతుకు దగ్గరి చుట్టం యిర్మీయా ప్రవక్త. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. నగరం పడిపోతుందని చెప్పినందుకే యిర్మీయాను చెరసాల ప్రాంగణంలో పెట్టారు. అలాంటి సమయంలో ఆయన అనాతోతులో పినతండ్రి కొడుకు పొలం కొన్నాడు. ధర 17 తులాల వెండి. సాక్షుల్ని పిలిచి, దస్తావేజు రాయించి, ముద్ర వేయించి, చాలాకాలం నిలిచేలా మట్టికుండలో భద్రపరచమన్నాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ కొంటారు అన్న దేవుని మాట ఆధారంగా. శత్రువు చేతికి పోబోతున్న భూమికి రొక్కం లెక్కపెట్టి ఇవ్వడం! భూమి రిజిస్ట్రేషన్ అంటే ఏమిటో తెలిసిన తెలుగు పాఠకుడికి దీని బరువు అర్థమవుతుంది. ఆ తరువాతి అధ్యాయంలోనే, దావీదుకు నీతిచిగురు పుడుతుందన్న వాగ్దానం ఉంది. ఆగమన కాలం మొదటి ఆదివారం మూడేళ్లకోసారి చదివేది ఆ భాగమే. చిగురు గురించిన వాగ్దానం, పొలం దస్తావేజు పక్కపక్కనే ఉన్నాయి. వాటిని విడదీసి చదివితే రెండూ చెడతాయి.

విడదీసి చదవడం ఎక్కువగానే జరుగుతోంది. డిసెంబర్ 31 రాత్రి ప్రార్థనలో వాగ్దాన కార్డులు పంచుతారు. యిర్మీయా 29:11 అందులో తరచూ కనిపించే వాక్యం. రాబోవు కాలంలో 'మీకు నిరీక్షణ కలుగునట్లుగా' అన్న మాట అందులో ఉంది. కార్డు దొరికినవాళ్లకు కొత్త ఏడాదిలో అంతా మంచే అన్న ధైర్యం వస్తుంది. కానీ దాని పై వాక్యంలోనే 70 ఏళ్లు అని ఉంది. బబులోనుకు చెరపట్టి తీసుకుపోబడిన జనానికి రాసిన ఉత్తరమది. రెండేళ్లలో తిరిగొచ్చేస్తారని చెప్పిన ప్రవక్త అబద్ధం చెబుతున్నాడని యిర్మీయా తేల్చేశాడు. వలసపోయినవాళ్లకు ఆయన చెప్పింది ఇది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పళ్లు తినండి, మీరున్న పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి. 70 ఏళ్లంటే విన్నవాళ్లలో ఎక్కువమంది అక్కడే కన్నుమూస్తారు. అయినా నాటమన్నాడు. కార్డు మీద ఈ రెండు మూడు వాక్యాలకు కూడా చోటిస్తే, ఆ ఏడాది అనుకున్నవి జరగనివాళ్లు తమ విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోకుండా ఉంటారు.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. ఓర్చుకోండి, అన్నీ పరలోకంలో దొరుకుతాయి అని కూలివాడికి చెప్పి అతని కూలి సంగతి ఎత్తకపోవడం. ఆ మాట చెప్పేవాళ్లు యేసు తల్లి మరియ పాటను మళ్లీ చదవాలి. క్రిస్మస్‌కు ముందు వారంలో వచ్చే ఆ పాటలో ఆకలిగొన్నవాళ్లు నిండుతారు, ధనవంతులు వట్టి చేతులతో వెళ్తారు. పల్లెటూరి పడుచు పాడిన ఆ పాటలో పరలోకం మాట లేదు, ఉన్నదంతా ఈ నేలమీది సంగతే.

క్రియాటినిన్ తెలిసిన ఊళ్లు

ఉద్దానంలో చదువురాని ముసలమ్మకు కూడా క్రియాటినిన్ అన్న మాట తెలుసు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే రక్తపరీక్షలో వచ్చే మాట అది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు కుటుంబాల్ని తినేస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేల్చి చెప్పలేకపోయారు. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద పడుకోవాలి. వెళ్లి రావడానికి ఒక పూట, నీరసానికి ఇంకో పూట. ఇంట్లో ఒకరు తోడు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది.

2023 డిసెంబర్ 14న, సరిగ్గా ఆగమన కాలం మధ్యలో, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజు హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కూడా. ప్రజలు ఏళ్లపాటు అడగ్గా అడగ్గా వచ్చినవి ఇవి. జబ్బు పోలేదు, డయాలసిస్ మంచాలు ఖాళీ కాలేదు. కానీ మంచి నీళ్ల కోసం, దగ్గర్లో వైద్యం కోసం గట్టిగా అడుగుతూనే ఉండడం నిరీక్షణలో భాగమే. లూకా 18వ అధ్యాయంలో న్యాయాధిపతిని విసిగించేదాకా తిరిగిన విధవరాలి కథ యేసు చెప్పింది అందుకే.

ఇక్కడ సంఘాలు చేయగల మేలూ ఉంది, చేయగల కీడూ ఉంది. ప్రార్థన చేశాం కదా, ఇక డయాలసిస్ మానేయండి, మందులు మానేస్తేనే విశ్వాసం అని ఏ బోధకుడైనా అంటే అది నిరీక్షణ కాదు, ప్రాణం తీసే మాట. డయాలసిస్ రెండు మూడుసార్లు తప్పితే మనిషి బతకడం కష్టం. ఇందులో మెత్తగా చెప్పడానికేమీ లేదు. మేలు చాలా సాదాగా ఉంటుంది: ఆటో ఖర్చు పంచుకోవడం, తోడు వెళ్లే వంతులు వేసుకోవడం, మంచం పక్కన కూర్చుని ఒక కీర్తన చదవడం, కూలి పోయిన ఇంటికి బియ్యం పంపడం.

ఈ ప్రాంతంలో అలాంటి సాదా మేలుకు పాత ఉదాహరణ సోంపేటలోనే ఉంది. అక్కడి మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన కెనడా బాప్టిస్టు వైద్యుడు బెన్ గలిసన్ కంటి శుక్లాలతో చూపుపోయినవాళ్లను చూశాడు. చిన్న ఆపరేషన్‌తో వచ్చే చూపు డబ్బుల్లేక ఆగిపోవడం ఆయన్ను కదిలించింది. ఆ పనికి తోడ్పాటుగా 1963లో కెనడాలోని కాల్గరీలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ఇప్పుడది చాలా దేశాల్లో కంటి వైద్యం అందిస్తోంది. చెరసాలలో ఉన్న యోహానుకు యేసు పంపిన జవాబులో మొదటి మాట గ్రుడ్డివారు చూపు పొందుతున్నారు అన్నదే. ఆ మాట సోంపేటలో అక్షరాలా జరిగింది. కట్టు విప్పే రోజు కోసం మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్న రైతుకు ఎదురుచూపు అంటే ఏమిటో తెలుసు. కట్టు తన చేత్తో తాను విప్పుకోకూడదని కూడా తెలుసు.

మార్కు సువార్త 13వ అధ్యాయంలో, ఆగమన కాలం మొదటి ఆదివారానికి మూడేళ్లకోసారి వచ్చే ఇంకో పాఠం ఉంది. ఇంటి యజమాని ఎప్పుడొస్తాడో తెలియదు, మెలకువగా ఉండండి అంటూ యేసు రాత్రి నాలుగు జాములూ చెబుతాడు: సాయంకాలం, అర్ధరాత్రి, కోడికూసే వేళ, తెల్లవారు. కోడికూసే వేళకు ఉద్దానంలో కొన్ని ఇళ్లలో దీపం వెలుగుతుంది. డయాలసిస్ మొదటి షిఫ్టుకు వెళ్లవలసినవాళ్లు లేచే సమయమది. పెరట్లో తిత్లీ తరువాత నాటిన కొబ్బరి మొక్క మనిషి ఎత్తు దాటి ఉంటుంది. 2019 వానలకు నాటింది అయితే, లెక్క ప్రకారం తొలి గెల వేసే వయసు దానికి వచ్చేసింది.

బైబిల్ ముగియడానికి ఒక్క వాక్యం ముందు 'ప్రభువైన యేసూ, రమ్ము' అని ఉంది. త్వరగా అనడానికి ఈ ప్రాంతంలో బేగి అంటారు. ఆటో వచ్చేలోపు చేసుకునే ఆ చిన్న ప్రార్థనలో ఆ వాక్యం బేగి రా తండ్రీ అవుతుంది.